నిద్రలో కదిలిన చెయ్యి

మా అన్నయ్యా నేనూ కలిసి నడిపే కుట్టుపని షాపులో బట్ట కత్తిరించేది నేనే. అన్నయ్య కొలతలు తీసుకుంటాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. బట్ట బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, పెద్ద కత్తెర నడిపే పని మాత్రం మా నాన్న తరవాత నా చేతికొచ్చింది. ఒక ఉదయం ఆ చెయ్యే పనిచెయ్యడం మానేసింది.

అంతకుముందు కడుపు. జ్వరంతో పాటు విరేచనాలు పట్టుకున్నాయి. జ్వరం తగ్గింది గాని కడుపు మళ్ళీ దారికి రాలేదు. షాపుకి బయల్దేరే వేళకి పేగులు మెలిపెట్టేవి. వేసుకున్న చెప్పులు విప్పి లోపలికి పరిగెత్తేవాణ్ణి. "మా మరిదికి చెప్పులు కనబడితే చాలు, సుఖవిరేచనానికి వేరే మందు వెయ్యక్కర్లేదు" అని వదిన నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. గొట్టం వేసి చూశారు, స్కాను తీశారు, రక్తం పట్టుకెళ్ళారు. అన్నీ బాగున్నాయన్నారు. బాగున్నాయన్న ప్రతిసారీ ఇంట్లోవాళ్ళ మొహాల్లో ఏదో కొంచెం మారేది. నేను పట్టించుకోలేదు.

తరవాత చెయ్యి. కత్తెర ఎత్తబోతే కుడిచెయ్యి రాలేదు. నొప్పేం లేదు. తడిబట్టలా భుజం నుంచి వేలాడింది, అంతే. తలకి కూడా స్కాను తీసి, పక్షవాతం కాదన్నారు. అదీ బాగుందన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బట్ట కోసే కరెంటు మిషను కొంటానని అన్నయ్య, వద్దని నేను వాదించుకుని ఉన్నాం. ఆ రెండు విషయాలకీ ముడి పడుతుందని నాకు తోచలేదు. అన్నయ్యకి తోచింది.

నాకు పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళు కూడా దిగవు. చెయ్యి పడిపోయిన మర్నాడు ఎడంచెయ్యి ఒక్కటే ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. మా ఆవిడ పక్కకొచ్చి, తన కుడి అరచెయ్యి నా ఎడమ అరచేతికి ఆనించింది. అలా ఇద్దరం కలిసి ఒక దణ్ణం పెట్టాం. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. నాకొచ్చిన కష్టంలో ఆ కాసేపు నాకు కష్టమనిపించేది కాదు.

పని చెయ్యలేకపోయినా షాపుకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. మిషను మీద కుట్టే ఒకతన్ని మేం బొంగరం అంటాం, ఒకచోట నిలవడు. నేను చెబుతుంటే అతను గీసి కత్తిరించేవాడు. ఒక మధ్యాహ్నం చంక దగ్గర వంపు ఎలా తిప్పాలో అతనికి చెబుతున్నాను. వెనక నుంచి అన్నయ్య గట్టిగా, "తమ్ముడూ, పట్టు" అన్నాడు.

తిరిగేసరికి దారపు రీలు మొహం మీదికి వస్తోంది. పట్టుకున్నాను.

కుడిచేత్తో.

మిషన్లు ఆగిపోయాయి. నా చేతిలో రీలుని నేనే వింతగా చూశాను. మరుక్షణం వేళ్ళు వదిలేశాయి. రీలు కింద పడి, దారం విప్పుకుంటూ గుమ్మం దాకా దొర్లింది.

"చూశారుగా" అన్నాడు అన్నయ్య. అరవలేదు. అలిసిపోయినవాడిలా అన్నాడు. "మిషను వద్దంటే వద్దని చెప్పొచ్చురా. ఇన్నాళ్ళు ఈ వేషమెందుకు?"

"బాగా ఆడావు గురూ, నేను నమ్మేశాను" అని బొంగరం నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

"నాకు తెలీకుండా లేచింది అన్నయ్యా."

"మధ్యాహ్నం అన్నం తిని ఇంట్లో పడుకున్నప్పుడు ఆ చేత్తోనే దిండు సర్దుకుంటావటగా. అదీ నీకు తెలీకుండానేనా?"

నేను దిండు సర్దుకోవడం చూడగలిగే మనిషి ఒక్కరే. రీలు ఆగిన చోటికి చూశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. షాపుకి ఎప్పుడూ ఆ వేళకి రాదు. ఆమె నా మొహం వైపు చూడటం లేదు. నా చేతినే చూస్తోంది.

ఇద్దరం ఇంటికి నడిచాం. తలుపు వేశాక అడిగాను.

"నిద్రలో కదిలిందని నాతో చెప్పొచ్చుగా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "చెబితే జాగ్రత్త పడతారనుకున్నా" అంది.

అన్నయ్య వేషమన్నప్పుడు కూడా అంత గుచ్చుకోలేదు. జాగ్రత్త పడేది దొంగ. అంటే పొద్దున్న నా అరచేతికి తన అరచెయ్యి ఆనించిన మనిషే, మధ్యాహ్నం నేను కళ్ళు మూశాక పక్కన కూర్చుని కాపలా కాసిందన్నమాట.

"ఎవరైనా ఏమనుకుంటారండీ? అన్ని పరీక్షలూ బాగున్నాయంటున్నారు. బావగారు అడిగారు. నాకూ భయమేసింది."

"భయమేస్తే నన్ను లేపాలి. ఆయనకి చెప్పడమేంటి?"

మర్నాడు దణ్ణం దగ్గర ఆమె చెయ్యి చాపింది. నేను ఎడంచెయ్యి ఛాతీకి ఆనించుకుని ఒక్కణ్ణే పెట్టుకున్నాను. నన్ను చేసినవాడికి నా నిజం తెలుసు కదా, మరి అందరిముందూ నా చేతినే నాకు ఎదురుసాక్షిగా ఎందుకు నిలబెట్టాడు అని అడిగాను. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామనే. నిజం చెప్పాలంటే, ఆ రీలు నన్నూ భయపెట్టింది. నాకు తెలియకుండా నేనే వేషం వేస్తున్నానా అని అనుమానం పట్టుకుంది. కడుపు రెండింతలు మెలిపెట్టసాగింది.

నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నేను రీలు సంగతి దాచకుండా చెప్పాను. మా ఆవిడ తల వంచుకుంది.

"నేనూ అలాంటి పరీక్షే చేస్తాను. కాకపోతే మీతో చెప్పి చేస్తాను" అంది డాక్టరమ్మ. రెండు చేతులూ బల్ల మీద పరిపించి, ఎడంచేతి వేళ్ళని తన వేళ్ళతో అదిమిపట్టి, బలంగా విడదియ్యమంది. "తొయ్యండి, ఇంకా. ఇప్పుడు కుడిచెయ్యి చూడండి."

కుడి చిటికెనవేలు దానంతటదే పక్కకి జరుగుతోంది.

"అంటే నటనేనా అమ్మా?" అన్నాను.

"నటన అనుకుంటే మీకే ఎందుకు చూపిస్తాను? ఇది కనబడటం మంచి కబురు. తల నుంచి చేతికి వెళ్ళే దారి తెగిపోలేదు. మీరు కావాలని పంపిన మాట దారి తప్పుతోంది. ధ్యాస వేరేచోట ఉన్నప్పుడు అదే మాట చేరుతోంది. జబ్బు నిజం. బాగుపడే వీలుందన్నదీ నిజమే."

"మరి కడుపు?"

"అక్కడా పుండు లేదు. జ్వరం తరవాత పేగుకీ తలకీ మధ్య కబుర్లు గట్టిగా నడుస్తున్నాయి. మామూలు కదలికని కూడా మీ ఒళ్ళు అపాయంలా వింటోంది. నొప్పి మీరు ఊహించుకున్నది కాదు."

నాకు కుట్టుమిషను గుర్తొచ్చింది. సూది మంచిదే, దారం మంచిదే, పళ్ళచక్రం అరగలేదు, అయినా దారం బిగువు తప్పితే కుట్టు కింద ఉండలు కడుతుంది. విప్పి చూస్తే ఏ భాగమూ విరిగి ఉండదు. అలా అని కుట్టు బాగున్నట్టా?

"పడుకున్నప్పుడు కదిలితే నేనేం చెయ్యాలమ్మా?" అని అడిగింది మా ఆవిడ.

"ఆయనకి చెప్పాలి" అంది డాక్టరమ్మ, కాగితం మీంచి తలెత్తకుండానే.

వ్యాయామం నేర్పే అతను బంతి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వేయించాడు. ఏదో ఒకటి పాడుకుంటూ సుద్దతో గీతలు గియ్యమన్నాడు. కడుపుకి తిండి వేళలు మార్చారు, చిన్న మాత్ర ఇచ్చారు. కొన్నాళ్ళకి చెయ్యి కొంచెం కొంచెంగా రావడం మొదలుపెట్టింది. కొన్ని రోజులు వచ్చి, కొన్ని రోజులు రాకుండా.

షాపులో కరెంటు మిషను వచ్చి ఉంది. అన్నయ్య నన్ను చూసి దాని మీద గుడ్డ కప్పాడు. "నువ్వు గీస్తే చాలురా. కొయ్యడం ఎవరైనా కోస్తారు."

"నీ మీద అలిగి చెయ్యి పడేసుకోలేదు అన్నయ్యా."

"చెప్పింది మీ ఆవిడ. డాక్టరమ్మ మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది" అన్నాడు. ఆ మాటకి సంతోషించాలి నేను. ఇప్పుడు కూడా నా సంగతి ఆయనకి ఆమె నోటినుంచే అందిందని మాత్రమే అనిపించింది. సుద్ద తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను.

ఇవాళ పొద్దున్న దణ్ణం వేళకి ఆమె చెయ్యి చాపలేదు గాని, పక్కనే నిలబడింది. నా కుడిచెయ్యి వణుకుతూ లేచి ఎడంచేతిని కలుసుకుంది. చిటికెనవేలొక్కటే అంటుకోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను అనను. ఒకరి బాధని బయటినుంచి చూసి అబద్ధమనడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాను. ఈ మధ్య పగలు నాకు నిద్ర పట్టడం లేదు. అది ఆమెకి తెలుసు.

"పడుకోండి" అంది మెల్లగా. "నేను చూడను."

అని అటు తిరిగి పడుకుంది. నిజంగానే చూడటం లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకుని, కుడిచేతిని దుప్పటి లోపలికి తీసుకున్నాను.