అరంగుళం వదులు

మా మావయ్యగారు నలభై ఏళ్ళు దర్జీ పని చేశారు. ఆయన కుట్టిన చొక్కా ఎవరికీ బిగుతు కాలేదు. అడిగినా అడక్కపోయినా అరంగుళం వదులు పెట్టడం ఆయన పద్ధతి. "మనిషన్నాక తింటాడు, ఊపిరి పీలుస్తాడు. దానికి బట్ట అడ్డం రాకూడదు" అంటారు. ఆయనతో వాదించి లాభం లేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నేను నర్సుని. సోమవారం నుంచి నాకు క్షయ వార్డులో డ్యూటీ వేశారు. అక్కడికి మామూలు నీలం సర్జికల్ మాస్కుతో వెళ్ళనివ్వరు. గిన్నెలా గట్టిగా ఉండి, తల వెనక రెండు పట్టీలతో బిగించుకునే రెస్పిరేటర్ పెట్టుకోవాలి. అది ముఖానికి సరిగ్గా అతుక్కుందని పరీక్షలో తేలితేనే లోపలికి పంపుతారు. ఆస్పత్రిలో ఇచ్చిన ఇరవై మాస్కుల పెట్టె ఇంటికి తెచ్చుకుని, అలవాటు పడదామని పరీక్షకు ముందురోజు ఒకటి గంటసేపు పెట్టుకున్నాను. తీసేసరికి బుగ్గల మీద ఎర్రటి గీతలు.

మావయ్యకు ప్రాణం ఒప్పలేదు. "ఇదేం మాస్కమ్మా? నీలంది హాయిగా ఉండేది కదా!"

"నీలంది తుంపర్లు ఆపడానికి మావయ్యా. నావి రోగి మీద పడకుండా, వాళ్ళవి నా మూతి మీద చిందకుండా. పక్కలనుంచి గాలి వస్తూనే ఉంటుంది. క్షయ గాల్లో తేలుతుంది కదా! ఇదైతే పీల్చే గాలంతా వడకట్టి పంపుతుంది. అందుకే ఇంత బిగుతు."

"ఏదైతేనేం, రెండూ మూతికి కట్టేవే" అని తేల్చేశారాయన. అంతటితో అయిపోయిందనుకున్నాను, నా బుద్ధి తక్కువ.

మర్నాడు పరీక్ష గదిలో నేను మాస్కు పెట్టుకున్నాక సీనియర్ సిస్టర్ నా తల మీద బుట్టంత ముసుగు దించి, దాని కంతలోంచి చేదు మందు చిమ్మింది. తల తిప్పమంది, వంగమంది, ఒక కాగితం చదవమంది. రెండో వాక్యం దగ్గరే నా నోరు చేదెక్కింది. అంటే మాస్కు పక్కలనుంచి గాలి దూరుతోందన్నమాట. ఇంటినుంచి తెచ్చుకున్న ఇంకో మాస్కు పెట్టుకున్నాను. అదీ చేదే.

"నీ ముఖానికి ఈ రకం పనికి రాదేమో" అంది సిస్టర్.

అనుమానం వచ్చి పట్టీ చూశాను. మధ్యలో అదే రంగు ఎలాస్టిక్ ముక్క ఒకటి అతికి ఉంది. చీమలు బారు కట్టినంత సన్నని కుట్టు. పెట్టుకునేముందు చూసుకోకపోవడం నా తప్పే. అయినా ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

"మావయ్యా, నా మాస్కులు ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేమిటమ్మా, ఇరవైకి ఇరవై సరిచేశాను. బాగున్నాయని చెప్పడానికి చేశావా?"

అరగంటలో మెడలో టేపుతో దిగారు. "నా కొలతలో తప్పుంటే చూపించండి" అని సిస్టర్‌ని నిలదీశారు. ఆవిడకు అసలే ఓపిక తక్కువ. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన సరిచేసిన మాస్కే పెట్టి, ముసుగు దించి మందు చిమ్మింది.

"ఛీ ఛీ! నోట్లో ఏం పోశావమ్మా?"

"నేనేం పోయలేదండీ. గాల్లో చిమ్మాను. మీ అరంగుళంలోంచి అదే వచ్చింది."

ముసుగు తీశాక ఆయన చాలాసేపు పెదాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. తర్వాత నన్నడిగారు. "వార్డులో కూడా ఇలా చేదుగా తెలుస్తుందా?"

"తెలీదు మావయ్యా. రోగానికి రుచి ఉండదు."

ఆయన ముఖం పాలిపోయింది. అరగంట నుంచి కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ నా నోటికి రాలేదు. నిజానికి నాకూ భయంగానే ఉంది. ఇంతసేపూ కోపంలో పడి ఆ సంగతి నాకే తెలియలేదు.

సిస్టర్ స్టోరునుంచి ఎవరూ చెయ్యి పెట్టని కొత్త మాస్కు తెచ్చింది. పట్టీలు లాగి బిగించుకుని, ముక్కు మీది తీగ నొక్కి, అంచుల చుట్టూ గాలి పోవట్లేదని చూసుకుని ముసుగులో కూర్చున్నాను. మందు చిమ్మింది. తల తిప్పాను, వంగాను, కాగితం మొత్తం చదివాను. చేదు లేదు.

"పాస్" అంది సిస్టర్, ముసుగు తీయబోతూ.

మావయ్య ఆవిడ చెయ్యి ఆపి, నా ముఖంలోకి వంగి చూశారు. "చేదుందా?"

"లేదు."

"మొహమాటానికి చెప్పకు."

"లేదు మావయ్యా!"

ఆయన సిస్టర్ వైపు తిరిగారు. "ఇంకో పదిసార్లు కొట్టమ్మా. లోపలికెళ్ళేది మా పిల్ల."