తలుపు వెనక పేరు

నా వైరింగుకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఎల్బీనగర్‌లో మా వర్క్‌షాపు అంతా వినేలా ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. మేం తయారుచేసే కరెంటు పెట్టె ఏదైనా సరే, లోపలి తీగలన్నీ దగ్గరికి లాగి మైనపు దారంతో ఒకే కట్టగా కడతాను. తర్వాత పెట్టె తలుపు వెనక నల్ల మార్కరుతో ‘సైదులు’ అని రాస్తాను. అలా రాసింది ఒక్కటీ వాపసు రాలేదు.

ఆ గురువారం పెట్టె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ ల్యాబుది, డీసీ పవర్ సప్లై. దాన్ని నాబు తిప్పి కాదు, కంప్యూటరు నుంచి వచ్చే చిన్న ఓల్టేజీతో నడపాలి. లోపలికి సున్నా నుంచి పది ఓల్టులిస్తే బయటికి సున్నా నుంచి అరవై రావాలి. అంటే ఐదిస్తే ముప్పై.

కాలేజీ తరఫున తనిఖీకొచ్చిన విశ్వేశ్వరరావు గారు ఐదిచ్చారు. ముప్పై నిలబడలేదు. కాసేపు ఇరవై తొమ్మిదిన్నర, కాసేపు ముప్పైన్నర.

“ఇదేంటండీ సైదులు గారూ, ఇలా ఊగుతోంది? పన్నెండులోపు సరిచేస్తే సరే. లేదంటే వాపసని రాసేస్తాను, ఏమీ అనుకోకండి.”

అనుకోకుండా ఎలా ఉంటాను? ఒళ్లు మండిపోయింది. మీటరు మార్చాను. స్క్రూలన్నీ మళ్లీ బిగించాను. పదకొండున్నర అయింది, ఊగుడు ఆగలేదు.

అప్పుడు సంతోషి నోరు విప్పింది. మీర్‌పేట్ అమ్మాయి, పాలిటెక్నిక్ చదివి మా దగ్గర చేరి మూడు నెలలు.

“కాకా, కోపానికి రాకు. తప్పు నీ కట్టలనే ఉన్నది.”

“ఏందీ? నా కట్టలనా?”

“కంప్యూటరు నుంచొచ్చే కంట్రోల్ వైర్లు, కరెంటు వైర్లు ఒక్కతాన కట్టినవ్. రెండు వందల ముప్పై ఓల్టుల పక్కన ఐదు ఓల్టులు పండుకుంటే దానికి నిద్ర పడ్తదా? గా మోత దీంట్లకు ఎక్కుతున్నది. కట్ట కోస్తా.”

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని గట్టిగానే అన్నాను. గడియారం చూశాను, తలుపు వెనక నా పేరు చూశాను. నిజం చెప్పాలంటే ఆర్డరు కన్నా ఆ పేరు మీదే నా ప్రాణముంది. మెయిన్ ఆపి, కత్తెర నేనే ఆమె చేతిలో పెట్టాను.

దారం తెగుతుంటే చూడలేక బయటికిపోయి మెట్రో వంక చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి సంతోషి రెండు కంట్రోల్ వైర్లనూ ఒకదానితో ఒకటి పురిపెట్టి, పెట్టెకు అవతలి పక్కనుంచి విడిగా తీసుకుపోయింది. నా కట్టంత అందంగా లేదు. ఆ మాట అనబోయి మింగేశాను.

మెయిన్ వేశాం. ఐదుకు ముప్పై. ఎనిమిదికి నలభై ఎనిమిది. అంకె కదల్లేదు.

“మేకు కొట్టినట్టుందండీ!” అంటూ విశ్వేశ్వరరావు గారు సంతకం పెట్టారు. “మీ చెయ్యి మీదేనండీ సైదులు గారూ.”

ఊరుకుంటే సరిపోయేది. సంతోషి కింద కూర్చుని దారం ముక్కలు ఏరుకుంటోంది.

“నా చెయ్యి కాదు సార్. నా చెయ్యి చేసిన తప్పును గీ పిల్ల దిద్దింది,” అన్నాను.

గుడ్డకు స్పిరిట్ అద్ది నా పేరు తుడిచాను.

“అయ్యో కాకా, నీ పేరు ఉండనియ్యి.”

“నువ్వు ఊకో.”

అదే చోట ‘సంతోషి’ అని రాశాను. నా రాత అంత గుండ్రంగా ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం పెట్టెను ట్రాలీ ఆటో ఎక్కించాం. డ్రైవరు ఏమీ అడగలేదు. నేనే తలుపు తీసి చూపించాను.

“జర చూడు. మా పిల్ల చేసింది.”