చాంబర్ బోల్టుకు చుట్టిన దారం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా గోడాదరా గల్లీలో ఎవర్ని అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. అందుకే ఆ శనివారం గ్యారేజీ రాంప్రసాద్ మా కారు కింది నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ, "దో దిన్ గాడీ ఛోడ్ దో చాచా" అనగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కారు పాతది, ఏడు సీట్లది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ఉంటుంది. దాని కింద ఒక బోల్టు. పాత ఆయిల్ దించాలంటే ఆ బోల్టే విప్పాలి. వారం రోజులుగా ఆ బోల్టు దగ్గర చుక్క చుక్క కారుతోంది. మరలు అరిగాయనీ, రాగి వాషర్ నలిగిపోయిందనీ, కొంచెం పెద్ద సైజు బోల్టు తెప్పించి వెయ్యాలనీ రాంప్రసాద్ చెప్పాడు. బాగానే చెప్పాడు. కానీ రెండు రోజులు కారు లేకపోతే ఎట్లా? దాన్ని నడిపేది నా కూతురు అనురాధ. కామ్‌రేజ్ దగ్గర చీరలకు రాళ్లు అంటించే కార్ఖానాలో పనిచేస్తుంది. పోతూ పోతూ మా గల్లీ ఆడవాళ్లను ఐదుగురిని ఎక్కించుకుని పోతుంది, సాయంత్రం మళ్లీ తీసుకొస్తుంది. ఆ ఐదుగురిలో మా అక్క కనకవ్వ ఒకతె.

"ఒక్క బోల్టుకు రెండు దినాలా? ముప్పై ఏండ్ల సంది సాంచాలు బిగిస్తున్న నేను!" అని రాంప్రసాద్‌కు అర్థం కాని తెలుగులో నాలుగు తిట్టి, కారు ఇంటికి పట్టుకొచ్చాను.

ఉధ్నాలో నేను నీళ్ల సాంచాల కార్ఖానాలో జాబర్ని. సాంచా అంటే మరమగ్గం. అది ఆగితే మళ్లీ నడిపించడం నా పని. మా సాంచాల్లో పోగును మోసే నాడె ఉండదు, సన్నటి నీటి ధార పోగును అటు నుంచి ఇటు లాక్కుపోతుంది. కాబట్టి షెడ్డు నిండా పైపులే. రోజూ ఏదో ఒక జాయింటు కారుతూనే ఉంటుంది. దానికి మా దగ్గర ఒకటే మందు. కింద పడ్డ పాలిస్టర్ దారం తీసుకుని మరల మీద బిర్రుగా చుట్టి బిగించడం. సిరిసిల్ల నుంచి ఈ పరాయి రాష్ట్రానికి బతకడానికి వచ్చిన మావాళ్లందరి చేతులకూ ఇదే అలవాటు. ఇంట్లో కుళాయి కారినా, కుక్కరు పిడి ఊగినా, చెప్పు తెగినా దారమే.

ఆదివారం కారుకూ అదే వైద్యం చేశాను. పాత ఆయిల్ డబ్బాలోకి దించి, బోల్టుకు పదిహేను చుట్లు చుట్టి బిగించాను. బోల్టు తల చాంబర్‌కు పూర్తిగా ఆనలేదు, రెండు మరలు బయటే ఉండిపోయాయి. దారం మందంగా పడింది, మరీ మంచిదే అనుకున్నాను. కొత్త ఆయిల్ పోసి, గంటసేపు పక్కనే కూర్చుని చూశాను. ఒక్క చుక్క రాలలేదు. దారిన పోయేవాళ్లను కూడా పిలిచి, వంగి చూడమని చూపించాను. రాంప్రసాద్ గ్యారేజీ మూసుకుని ఊరికి పోవచ్చని కూడా అన్నాను.

అందరూ మెచ్చుకున్నారు. అనురాధ మాత్రం వంగి చూసి, "ఇంజిన్ గరం అయితది కద బాపూ, దారం ఆగుతదా?" అంది.

"నువ్వు నాకు చెప్పేదానివైనవా?"

ఆమె లేచి, మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకుని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున కార్ఖానాలో కొత్త దారం పెట్టెలు దిగాయి. ఒకదాని మీద చీటీ లేదు. పాలిస్టరా నైలానా తేల్చాలి. నాతో పాటు ఏళ్లుగా పనిచేస్తున్న పరుశురాం మూరెడు దారం తెంపి, జేబులోంచి లైటర్ తీశాడు. నల్ల పొగ వస్తే పాలిస్టర్. ఇది మాకు బడికి పోకుండా వచ్చిన చదువు. నేను వెయ్యిసార్లు చేసి ఉంటాను.

మంట ఇంకా తగలనేలేదు. వేడి సోకగానే పోగు ముడుచుకుని, వెనక్కి జరిగి, గింజంత ఉండగా మారిపోయింది.

"పాలిస్టరే అన్నా," అన్నాడు పరుశురాం.

నేను ఆ ఉండను చూస్తూ నిలబడిపోయాను. వేడికి పాలిస్టర్ ముడుచుకుంటుందని నాకు తెలియదా? ముప్పై ఏళ్లుగా తెలుసు. మా పైపుల్లో ఉండేది చల్లటి నీళ్లు. అందుకే దారం ఆగుతుంది. ఇంజిన్ ఆయిల్ చెయ్యి పెడితే చర్మం ఊడివచ్చేంత కాగుతుంది. దారం ముడుచుకుంటే బోల్టు వదులవుతుంది, దాని తల అసలే ఆనలేదు. ఊగి ఊగి ఊడిపోతే చాంబర్‌లోని ఆయిలంతా రోడ్డు పాలు. ఆయిల్ లేని ఇంజిన్ ఒక్కసారిగా పట్టేస్తుంది, దాంతో చక్రాలూ పట్టేస్తాయి. కామ్‌రేజ్ రోడ్డు మీద, లారీల మధ్యన.

గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. వాళ్లు ఎనిమిదింటికే బయలుదేరతారు.

అనురాధకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. బండి నడుపుతూ ఫోన్ ఎత్తితే ఫోన్ పగలగొడతానని చెప్పింది నేనే. నా మాట తు.చ. తప్పకుండా పాటిస్తోంది నా బిడ్డ. అక్కకు చేస్తే ఎవరో చుట్టాల పిల్ల ఎత్తి, పెద్దమ్మ ఫోన్ ఇంట్లోనే మరిచిపోయిందని చెప్పింది. మిగతా నలుగురి నంబర్లు నా దగ్గర లేవు. వాళ్లతో నాకెప్పుడూ పని పడలేదు మరి.

"పరుశురాం, బండి తియ్యి!"

"ఏందన్నా, ఏమైంది?"

"తియ్యమన్ననా!"

అతను మోటారు సైకిల్ స్టార్ట్ చేసేలోపు నాలుగు తిట్లు తిన్నాడు పాపం. దారిలో చెప్పాను. విన్నాక అతను బండి వేగం పెంచాడు. వెనక కూర్చుని నేను అతని చొక్కా గట్టిగా పట్టుకున్నాను.  

కారు నేర్పింది నేనే. ఏం నేర్పానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. గేర్లు నేర్పాను, రివర్స్ నేర్పాను. ఆయిల్ తగ్గిందని ఎర్ర బత్తి వెలిగితే ఏం చెయ్యాలో చెప్పానా? ఇంజిన్ పట్టేస్తే వెంటనే క్లచ్ తొక్కాలని చెప్పానా? ఎంత ఆలోచించినా నేను చెప్పిన మాటలు ఏవీ జ్ఞాపకం రాలేదు. నేను అరిచిన అరుపులే జ్ఞాపకం వచ్చాయి. ఆమె రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, నా వైపు చూడకుండా తల ఊపేది.

పర్వత్ పాటియా సిగ్నల్ దగ్గర నేలమీద అరచేయంత మరక కనిపించింది. బండి ఆపించి, దిగి, వేలితో ముట్టుకున్నాను. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు. మామూలు బండి మరకైతే నల్లగా ఉండాలి. ఇది తేనె రంగులో ఉంది, నిన్న నా చేత్తో పోసిన ఆయిల్.

"మనదేనా అన్నా?" అడిగాడు పరుశురాం.

"మనదే. పోనియ్యి."

తర్వాతి సిగ్నల్ దగ్గర మరక పళ్లెమంత ఉంది. ఆ తర్వాతిది చాటంత. ఒక్కో దగ్గర ఆగినప్పుడల్లా కారుతూ పోయిందన్నమాట. సర్థాణా దాటాక ఎంత వెతికినా మరకలు లేవు.

"చుక్కలు లేవన్నా. కారుడు ఆగినట్టుంది," అన్నాడు పరుశురాం ధైర్యం చెబుతూ.

"ఆగలే. కారనీకె ఏం మిగల్లే."

 దేవుడికి మొక్కుదామంటే ఒక్క దేవుడి పేరూ నోటికి రాలేదు. అనూ, అనూ అని మాత్రం అనుకుంటూ పోయాను.

వాలక్ పాటియా దగ్గరికి వచ్చేసరికి రోడ్డు నిండిపోయి ఉంది. బస్సులు, టెంపోలు, అన్నీ ఇంజిన్లు ఆపి నిలబడ్డాయి. ఎదురుగా వస్తున్న స్కూటరతన్ని ఆపి ఏమైందని అడిగాను. "ఆగే ట్రక్‌వాలే నే జోర్ సే బ్రేక్ మారా. లేడీస్ కీ గాడీ థీ," అని చెప్పి పోయాడు.

ముందు లారీవాడు గట్టిగా బ్రేకు కొట్టాడట. ఆడవాళ్ల బండి. ఉండేది అన్నాడా, ఉంది అన్నాడా? నేను బండి దిగి పరుగెత్తాను. వెనక పరుశురాం పిలుస్తున్నాడు. బస్సుల సందుల్లోంచి, అద్దాలకు భుజాలు తగులుతుండగా పరుగెత్తాను. నా వయసు, నా మోకాళ్లు, ఏవీ గుర్తు రాలేదు.

ముందు లారీ కనిపించింది. రోడ్డుకు అడ్డంగా వంకరగా ఆగి ఉంది. దాని చక్రాల వెనక నల్లటి చారలు, కాలిన రబ్బరు వాసన. చారల పక్కన ఒక స్టీలు టిఫిన్ మూత విడిపోయి పడి ఉంది. జొన్నరొట్టెలు రోడ్డు మీద పరుచుకున్నాయి. ఈ రోడ్డు మీద జొన్నరొట్టె తెచ్చుకునేది ఎవరో నాకు తెలుసు. మా అక్క ఇంకేదీ తినదు.

 లారీ బానెట్ పట్టుకుని నిలబడ్డాను. అది కాలుతోంది, అయినా చెయ్యి తియ్యలేదు. లారీ అవతల ఏముందో చూడాలి. చూడలేను. అక్కడ నా బిడ్డ పడి ఉంటే ఆ పని నా చేతులు చేసిందే. పదిహేను చుట్లు, ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ చుట్టాను.

"ఓ తమ్మీ! రాజనర్సూ!"

అక్క గొంతు. లారీ అవతల రోడ్డు దిగిన మట్టి మీద మా కారు నిలబడి ఉంది, తలుపులన్నీ తెరిచి. అవతల గోడ పక్కన ఐదుగురు ఆడవాళ్లూ కూర్చున్నారు. ఒకామె ఏడుస్తోంది. అక్క లేచి నా వైపు వచ్చింది. ఆమె మణికట్టు మీద గాజు గుచ్చుకుని రక్తం వస్తోంది.

"అనూ ఏది?" అన్నాను.

"బండి కింద ఉన్నది. ఏం కాలే. ఏడ్వకు జర," అంది అక్క. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "ఎర్ర బత్తి వెలిగింది తమ్మీ. పోరి గప్పుడే ఇంజిన్ బంద్ చేసింది. స్టీరింగ్ బండ లెక్క అయిందంట. 'అత్తా, గట్టిగ పట్టుకోండ్రి' అని ఒర్రి, లేచి నిలబడ్డట్టు చేసి పక్కకు గుంజింది. గా గుంజుడుకు నా టిఫిన్ కిటికీల నుంచి ఎగిరి రోడ్డు మీద పడ్డది. వెనుక లారోడు జానెడు దూరంల ఆగిండు. మమ్ముల దింపి, గోడ దాక తోలి, గప్పుడు తను ఊపిరి తీసుకున్నది."

ఎవరు నేర్పారు ఆమెకు ఇదంతా? నేనైతే కాదు. రాంప్రసాద్‌ను అడిగి నేర్చుకుందేమో, నాకు తెలియకుండా.

అనురాధ కారు కింది నుంచి బయటికి వచ్చింది. మోచేతుల దాకా ఆయిల్. చేతిలో ముడుచుకుపోయి గట్టిపడిన దారం ముక్క ఉంది. నన్ను చూసి కారుకు అవతలి వైపు, రోడ్డు అంచున నిలబడిపోయింది. నేను కారు చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి పోయాను. కౌగిలించుకోవాలని ఉంది. కానీ మా ఇంట్లో ఆ అలవాటు లేదు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కారుతున్నదని ఎప్పుడు చూసినవ్?"

"పొద్దుగాల్నే. ఇంటి ముందట రూపాయంత మరక ఉండె."

"మరి ఫోన్ చెయ్యద్దా?" నా గొంతు లేచింది. అది దానంతటదే లేస్తుంది. "ఐదుగురిని కూసోపెట్టుకొని గిట్లెట్ల వచ్చినవ్?"

ఆమె దారం ముక్కను వేళ్ల మధ్య తిప్పింది. 

"చేద్దామనుకున్న బాపూ. నీ దారం కారుతున్నదంటే నువ్వు ఒర్రుతవ్. గల్లీ అందరి ముందట ఒర్రుతవ్. చాబీ గుంజుకొని ఇంట్ల కూసోమంటవ్. భయమైంది. మెల్లగ పోతే కామ్‌రేజ్ దాక ఆగుతదనుకున్న."

 ఉధ్నా నుంచి ఇక్కడిదాకా నేను ఎంత భయపడ్డానో నాకు తెలుసు. ఆమె పొద్దున ఆ మరక చూసినప్పటి నుంచి భయపడుతూనే ఉంది. లారీల రోడ్డుకు భయపడింది, నాకు అంతకంటే ఎక్కువ భయపడింది. ఆ రెండింట్లో లారీల రోడ్డునే ఎంచుకుంది.

 ఆ దారం ముక్క ఇటివ్వమని చెయ్యి చాపాను. అంతే.

అనురాధ మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. వెనక రోడ్డు. అప్పటికే లారీ పక్క నుంచి దారి దొరికి బస్సులు కదులుతున్నాయి. ఒక బస్సు హారన్ కొడుతూ ఆమె వీపుకు దగ్గరగా దూసుకుపోయింది. ఆమె చున్నీ గాలికి అటే లేచింది.

పట్టుకుని లాగుదామని ముందుకు వంగాను. ఆమె ఇంకో అడుగు వెనక్కి వేసింది. బస్సును చూడటం లేదు, నా చేతినే చూస్తోంది. నేను ఎంత ముందుకు పోతే అంత వెనక్కి పోతుంది. వెనక ఇంకో లారీ వస్తోంది. అక్క ఎక్కడి నుంచో కేక పెడుతోంది.

నేను చేతులు రెండూ కిందికి దించి, ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాను.

"కొట్టను బిడ్డా," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. "కొట్ట. ఇటు రా. నీ కాల్మొక్త, రోడ్డు దిగి ఇటు రా."

వెనక లారీ హారన్ కొడుతూ ఆమెను తప్పించుకుని పోయింది. ఆమె మోచెయ్యి కొంచెం దించింది. ముందు నా చేతుల వైపే చూసింది. మట్టిలో, మోకాళ్ల పక్కన, అరచేతులు పైకి పెట్టి ఉంచాను. వాటిని చాలాసేపు చూశాక గాని నా బిడ్డ రోడ్డు దిగలేదు.