నాలుగో మూల

దాజీ పేటలో వాసుదేవ్ ముప్పై ఏళ్లుగా పదో తరగతి గైడ్లు అచ్చువేసి అమ్ముతున్నాడు. ఇప్పటి పిల్లలు గైడు ముట్టడం మానేసి ఫోన్లో పాఠాలు చూస్తున్నారు. సరే, చూసి చావండని, తానే గొంతు చించుకుని పాఠాలన్నీ చెప్పి వీడియోలు తీయించాడు. గైడు అట్ట మీద క్యూఆర్ కోడ్ వేస్తే చాలు, ఫోన్ పెట్టగానే పాఠం మొదలవుతుంది.

అట్ట పని బావమరిది లక్ష్మణ్‌కి అప్పగించాడు. లక్ష్మణ్ పవర్‌లూమ్ చద్దర్లకు డిజైన్లు గీస్తాడు. గళ్లు కూర్చడంలో దిట్ట.

రెండు వేల గైడ్లు అచ్చయి వచ్చాయి. ఒక్క ఫోన్లోనూ పాఠం రాలేదు. వాసుదేవ్ కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే, కోడ్ నాలుగు మూలలా నాలుగు పెద్ద గళ్లున్నాయి.

"ఏందిరా ఇది? నేనిచ్చినదాంట్ల మూడే ఉండె గదా!"

"అవును బావా, ఒక మూలకు గడి మర్శిపోయిన్రు. నేనే ఏసిన. నడుమ చుక్కలు గూడ ఆగమాగం ఉండె. ఎడమకు, కుడికి జోడు కలిపిన," అన్నాడు లక్ష్మణ్, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది డిజైన్ కాదురా!"

"కాకపోవుడేంది? మా కార్ఖానా సేట్ చూసి, చద్దర్ల మీద దించుమన్నడు."

ఆ చద్దర్లను జనం ఎగబడి కొన్నారు. గైడ్ల కట్టలు మాత్రం ఎవరూ విప్పిన పాపాన పోలేదు. చివరికి వాసుదేవ్ కాళ్లావేళ్లా పడితే, సేట్ తన దుకాణం ముందు బోర్డు పెట్టించాడు: చద్దర్ కొంటే గైడు ఫ్రీ.

మొదటి గిరాకీ ఒకావిడ. చద్దర్ చంకన పెట్టుకుని, గైడును వెనక్కి తోసింది.

"ఈ బుక్కొద్దు గానీ అన్నా, దీని బదులు ఓ చిన్న తువ్వాల ఇయ్యరాదు?"