వాలుగా తోడుకున్న పెరుగు

పొద్దున్నే కాఫీ కంటే ముందు బాలమణి చేసే పని అవన్ తలుపు తీసి పెరుగు గిన్నె చూడటం. శాంటా క్లారాలో రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి తోడుపెట్టిన పాలని అవన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి ఉంచేవారు. ఆ వెచ్చదనం సరిపోయేది. ఆమె గిన్నె తీసి గట్టు మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని చూసి, ఆ తర్వాతే అల్లుడికి డబ్బా సర్దేది.

1982 ఏప్రిల్‌లో ఒక సోమవారం ఆమె గిన్నె తీసి, చూస్తూ అలాగే నిలబడిపోయింది.

పెరుగు వాలుగా తోడుకుంది. సింకు వైపు అంచు దగ్గర రెండు వేళ్ళ లోతుకి దిగి, ఎదుటి అంచు దగ్గర గిన్నె కంటే పైకి లేచి ఉంది. బురద చూసి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్న మనిషిలా ఉంది.

ఆ తోడు సంగతి అందరికీ తెలిసిందే. రెండేళ్ళ క్రితం కూతురి దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు, పెరుగులో ముంచి ఎండబెట్టిన గుడ్డముక్కని బాలమణి తెనాలి నుంచి చీర మడతల్లో పెట్టి తెచ్చింది. దాన్ని గోరువెచ్చని పాలల్లో వేస్తే తెల్లారేసరికి పెరుగు. దగ్గరలో మంచిది కానిదేదైనా ఉంటే, ఆ పెరుగు దాన్నుంచి వెనక్కి జరిగి తోడుకునేది. తెనాలిలో గ్యాసు కారినప్పుడు స్టవ్వు నుంచి జరిగింది. ఇక్కడ ఒకసారి గోడలో చచ్చిన ఎలుకని పట్టిచ్చింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఆ తోడే పట్టుకెళ్ళారు. పెరుగు ఎటు దిగితే అటు శుభ్రం చేసుకునేవారు, అంతే.

"ఏమైందమ్మా?" జయంతి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. ఆమెకి ఐదో నెల.

"ఏం లేదే. సింకు కింద చెత్తబుట్ట ఉందిగా, దానికి పడలేదేమో."

జయంతి చెయ్యి పొట్ట మీదకి వెళ్ళింది. కిందటేడు సరిగ్గా ఐదో నెలలోనే కడుపు పోయింది. కారణం తెలియలేదన్నాడు డాక్టరు. ఈసారి నిలబడాలని ఆ ఇంట్లో అందరూ అడుగు కూడా మెల్లగా వేస్తున్నారు.

చెత్తబుట్ట బయటికి వెళ్ళింది. సింకుని బ్లీచ్‌తో తోమారు. మంగళవారం పెరుగు ఇంకా దిగింది. జయంతి భర్త జగన్మోహన్ గ్యారేజీలోంచి రసమట్టం తెచ్చి గట్టు మీద పెట్టి, వంగి చూశాడు. అతను చిప్పులు చేసే ఫ్యాక్టరీలో రసాయనాలు చూసుకునే ఇంజనీరు.

"గట్టు సమంగానే ఉంది."

"గట్టునెవరన్నారు బావా? వాలింది పెరుగు," అంది రేణు. జయంతి చెల్లెలు. అక్కడే ఉండి కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. సరుకుల కొట్లో క్యాషియర్ కంటే ముందే బిల్లు కూడేసి చెప్పే పిల్ల.

"మరదలుగారు కాస్త నోరు మూసుకుంటే అదే సర్దుకుంటుంది."

"తోడు పాతదైపోయిందేమో," అంది జయంతి. "లలితగారింట్లో కాస్త అడిగి తేవే."

ఫ్రీవేకి అవతల ఉండే లలిత రేణుని చూడగానే తడబడింది. "నువ్వు హాల్లో కూర్చో, నేను తెచ్చిస్తా," అంది. రేణు అప్పటికే వంటింట్లో ఉంది. అక్కడి పెరుగు ఫ్రిజ్ నుంచి దూరంగా ఒదిగి ఉంది.

"ఎవరికీ చెప్పకమ్మా," లలిత గొంతు తగ్గించింది. "మీ అంకుల్ నాకు తెలియకుండా ఫ్రీజర్లో చికెన్ దాచారు. పారేశాను. వెనిగర్ పెట్టి తుడిచాను. అయినా నెల నుంచి ఇంతే. నలుగురికీ తెలిస్తే ఇక మా ఇంట్లో మంచినీళ్ళయినా తాగుతారా?"

రేణు నవ్వాపుకుని బయటపడింది. దారిలో సుమతి ఇల్లు. తమ వీధి చివరే. అక్కడ నవ్వు ఆగిపోయింది.

సుమతి గిన్నె మీద గుడ్డ కప్పి ఉంచింది. రేణు తీసింది. పెరుగు దేవుడి అలమర నుంచి బాగా వెనక్కి జరిగి, గిన్నె అంచుని పట్టుకుని వేలాడుతోంది.

"ఎప్పట్నుంచి అక్కా?"

"జనవరి నుంచి." జనవరిలోనే సుమతికి కడుపు పోయింది. "మైల తీరకుండానే దీపం పెట్టాను రేణూ. దిగులుగా ఉండి, మనసాగక పెట్టేశాను. ఆ అలమర మైలపడింది. అప్పట్నుంచీ దీపం మానేశాను, అయినా..." గుడ్డ మళ్ళీ కప్పేసింది. "మీ అమ్మగారికి చెప్పకు."

రేణు వీధిలోకి వచ్చి నిలబడింది. చెత్తబుట్ట, ఫ్రీజరు, దేవుడి అలమర. ఎవరి తప్పు వాళ్ళు దాచుకున్నారు. మూడు గిన్నెల్ని ఎవరూ కలిపి చూడలేదు.

అక్క కారు అద్దానికి అంటించి ఉన్న దిక్సూచిని ఊడబెరికింది. మూడిళ్ళకీ మళ్ళీ వెళ్ళి, గిన్నెల పక్కన పెట్టి, పెరుగు ఏ దిక్కు నుంచి జరిగిందో రాసుకుంది. సాయంత్రం భోజనాల బల్ల మీద రోడ్డు మ్యాపు పరిచి స్కేలుతో మూడు గీతలు గీసింది. మూడూ ఒకే చోట కలిశాయి. దానికి దగ్గరున్న ఇంట్లో పెరుగు ముందు వాలింది, ఎక్కువ వాలింది. దూరమున్న ఇంట్లో తర్వాత, తక్కువ.

జగన్మోహన్ షూస్ విప్పకుండానే వచ్చి చూశాడు. ఆ చోటు అతను పనిచేసే ఫ్యాక్టరీ వెనక పెరడు.

"అక్కడేముంది బావా?"

"ట్యాంకు. చిప్పులు కడిగే సాల్వెంట్. భూమిలో పాతిపెట్టి ఉంటుంది."

"నెలకి ఎంత పోయిస్తారు?"

"పదిహేను వందల గ్యాలన్లు."

"వాడేశాక ఎంత బయటికి పంపుతారు?"

"తొమ్మిది వందలు. మిగతాది ఆవిరి."

"బావా, ఆరు వందల గ్యాలన్లు ఆవిరైతే ఆ మత్తుకి మీరందరూ నిలబడి నిద్రపోతూ ఉండాలి."

జగన్మోహన్ వేలు మ్యాపు మీద ఇవతలికి జరిగింది. వాళ్ళ వీధికి నీళ్ళు వచ్చే బోరు ఆ ఫ్యాక్టరీకి ఇవతలే ఉంది.

"నీళ్ళు కాచే ఇస్తున్నానే," అంది బాలమణి. "గంట సేపు మరగనిచ్చి, చల్లార్చి ఇస్తున్నాను."

"అది నీళ్ళకంటే ముందే ఆవిరవుతుందమ్మా. కిటికీలు మూసి మరగబెడితే అక్క దాన్నే పీలుస్తుంది."

స్టవ్వు మీద అప్పుడు కూడా నీళ్ళు మరుగుతున్నాయి. బాలమణి వెళ్ళి స్టవ్వు ఆపి, కిటికీ తెరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

"రేపట్నుంచి నీళ్ళు కొనుక్కుందాం," అన్నాడు జగన్మోహన్.

"మనం కొనుక్కుంటాం. వీధిలో మిగతావాళ్ళో?" అంది జయంతి. "స్నానాలకి కూడా కొంటామా?"

"గ్రీన్ కార్డు పేపర్లు కంపెనీ చేతిలో ఉన్నాయి జయంతీ. ఇప్పుడు నోరు తెరిస్తే సామాను సర్దుకోవాలి."

"సర్దుకుందాం. వెళ్ళేది ఇద్దరమా, ముగ్గురమా? నాకదొక్కటే చెప్పండి."

అతను వంగి షూస్ విప్పసాగాడు.

మర్నాడు బాలమణి పెరుగుని విడిగా చిన్న స్టీలు డబ్బాలో పెట్టింది. "అల్లుడుగారూ, మూత గట్టిగా ఉంది. జాగ్రత్తగా తియ్యండి," అని మాత్రం అంది.

మధ్యాహ్నం జగన్మోహన్ మేనేజర్ హ్యారిస్‌ని పెరట్లోకి తీసుకెళ్ళి, ట్యాంకు మీది సిమెంటు పలక మీద డబ్బా పెట్టి మూత తీశాడు. పెరుగు ఒక్క క్షణం వణికింది. తర్వాత గుట్టగా లేచి, అంచు దాటి, పలక మీదకి జారి, గేటు వైపు అంగుళం అంగుళంగా జరగసాగింది.

హ్యారిస్ తన బూటు పక్కకి జరిపి దానికి దారిచ్చాడు. "మా అమ్మమ్మ దగ్గర రొట్టెలు పులియబెట్టే పిండి ఉండేది," అన్నాడు. "అబద్ధమాడేవాడు గుమ్మంలోకి వస్తే పొంగేది కాదు. ఎంత కారుతోందంటావు?"

"నెలకి ఆరు వందల దాకా. నేను మొదట్నుంచీ చెబుతున్నాను కదా, ట్యాంకుని పైన పెడదాం, కింద తొట్టి కడదాం. కారితే కంటికి కనిపిస్తుంది. సగం కడుగుళ్ళకి సబ్బు నీళ్ళు చాలు. అసలు ఇంత కొననే అక్కర్లేదు."

"తవ్వాలంటే లైను ఆపాలి. ఈ మూడు నెలల క్వార్టర్ అయిపోనీ, జగన్."

"అప్పటికి నా భార్యకి ఏడో నెల."

హ్యారిస్ పెరుగునే చూస్తున్నాడు. "నీ పేపర్లు నా టేబుల్ మీదే ఉన్నాయి," అన్నాడు మెల్లగా. అది బెదిరింపో జాలో జగన్మోహన్‌కి అర్థం కాలేదు. హ్యారిస్ లోపలికి వెళ్ళిపోయాడు.

రెండింటికి సాల్వెంట్ ట్యాంకరు వచ్చింది. డ్రైవరు గొట్టం లాక్కొచ్చి, ట్యాంకు మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇది పోయకపోతే సాయంత్రానికి లైను ఆగిపోతుంది. పోస్తే మరో ఆరు వందల గ్యాలన్లు బోరు దారి పడతాయి. సైగ చెయ్యాల్సింది జగన్మోహనే.

పెరుగు అప్పటికి గేటు చేరింది. కింది సందులోంచి సన్నగా పాకి, రోడ్డు మీదకి వెళ్ళిపోతోంది.

"గొట్టం తీసెయ్," అన్నాడు. "ఈ ట్యాంకులో ఇంకో చుక్క పోయొద్దు. వెనక్కి తీసుకుపో."

"మీ బాస్‌కి తెలుసా?"

"తెలుస్తుంది."

ట్యాంకరు వెనకే గేటు దాటి, రోడ్డు పక్కనున్న ఫోన్ బూత్ నుంచి కౌంటీ ఆరోగ్యశాఖకి ఫోన్ చేశాడు. పేరు అడిగారు. అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు.

వారం తిరక్కుండా ట్యాంకు బయటపడింది. అడుగున సూది దూరేంత చిల్లు. బోరు మూసేసి, వీధికి వేరేచోటి నుంచి నీళ్ళిచ్చారు. జగన్మోహన్ ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. వీసా గడువు తలుచుకుంటూ సగం పెట్టెలు సర్దారు. జయంతి రోజూ పొద్దున్నే లేచి ముందు పొట్ట తడుముకునేది, తర్వాత గిన్నె చూసేది. కదలిక ఉండేది. వాలు కొంచెం కొంచెం తగ్గుతూ ఉండేది.

జూన్‌లో ఒక కొత్త కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ట్యాంకులన్నీ నేల మీద, తొట్లలో కడుతున్నారట. వాడిన సాల్వెంట్‌ని మరిగించి మళ్ళీ వాడతారట. చూసుకోవడానికి మనిషి కావాలి, పేపర్లు వాళ్ళే మొదలుపెడతారు.

"నా పేరు మీకెవరు చెప్పారు?"

"హ్యారిస్. ఆ స్టీలు డబ్బా కూడా తెచ్చుకోమన్నాడు."

ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. బారసాలకి లలిత చక్రపొంగలి తెచ్చింది. సుమతి గాజు గిన్నెలో పెరుగు తెచ్చి, బల్ల మీద చోటు లేక, ఉయ్యాల పక్కన స్టూలు మీద పెట్టింది.

"తిన్నగా తోడుకుందా?" రేణు అడిగింది.

"అద్దంలా ఉంది. మీ అందరికీ చూపిద్దామనే తెచ్చాను." సుమతి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పొద్దున దీపం పెట్టాను."

విస్తళ్ళు వేసే హడావుడిలో గిన్నె సంగతి మర్చిపోయారు. మళ్ళీ చూసేసరికి పెరుగు తిన్నగా లేదు. ఉయ్యాల వైపున్న అంచు దగ్గర మెత్తగా గుట్టగా లేచి, పసిపిల్ల వైపు ఒరిగి ఉంది. ఎప్పుడూ వెనక్కి జరగడమే గాని, ఆ పెరుగు దేనివైపైనా ఒరగడం అదే మొదలు.

సుమతి విస్తరి ముందు కూర్చుని ఆ గుట్టనే చూస్తోంది. "ఉప్పు ఎవరి దగ్గరుంది?" అంటూ వచ్చిన బాలమణి గరిటె ముంచి, ఎత్తుగా ఉన్న వైపు నుంచి తీసి, మొదటి వడ్డన సుమతి విస్తట్లో వేసింది.