దీనికేం పెడుతున్నారు?

కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి కలుపుతుంటే కోడలికి నవ్వొచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు ఆవుకి, గిన్నె అడుగున మాడింది తనకి. ఒకే వంటలో ఇద్దరికీ వాటా. ఆవు తాగి తలెత్తింది, ఇంతేనా అన్నట్టు.

"ఇంతేనే తల్లీ," అంది కోడలు.

ఆ ఇంట్లో రెండు ప్రయాణాలు ఖాయమయ్యాయి. ఈని ఏడాది దాటినా మళ్ళీ ఎదకు రాలేదని ఆవు సంతకి. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా కడుపు పండలేదని కోడలు పుట్టింటికి. "రెండు గొడ్లను మేపే ఓపిక నాకు లేదమ్మా," అని అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. గొడ్డు అన్న మాటకి రెండర్థాలుండటం ఆవిడకి మహా వాటంగా ఉండేది. భర్త అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. "అమ్మ నోరంతే. కొన్నాళ్ళు వెళ్ళిరా," అనేవాడు. దూడను కొన్నవాళ్ళు తోలుకుపోయిన రోజు ఆవు అరుస్తుంటే కూడా అతను అలాగే అన్నాడు, "వస్తుందిలే," అని. ఆవు ఇప్పటికీ పొద్దువాలేసరికి గేటుకేసి చూస్తుంది.

అమ్మేముందు ఓసారి చూపిద్దామని పశువుల డాక్టరును పిలిచారు. కోడలు పలుపు పట్టుకుని నిలబడింది. ఆయన ఆవు పక్కటెముకలు తడిమి, ఇటు తిరక్కుండానే అడిగాడు.

"దీనికేం పెడుతున్నారు?"

అరుగు మీద బియ్యంలో రాళ్ళేరుతున్న అత్తగారు తలెత్తలేదు. డాక్టరనగానే ఆవిడకి గుర్తొచ్చే జబ్బు ఒక్కటే. "దానికేం బాబూ, అందరం తిన్నాక మిగిలింది తింటుంది. మిగలకపోతే మంచినీళ్ళు తాగి పడుకుంటుంది. నోరెత్తదు, అదొక్కటే మంచి గుణం."

ఆవు తోక విసిరింది.

"అమ్మా, ఆయనడిగింది ఆవు గురించి," అన్నాడు కొడుకు.

"ఓ, ఆవుకా! ఎండుగడ్డి."

డాక్టరు ఒక్క క్షణం కోడలి మణికట్టుకేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. "పాలు పిండుకుంటూ ఎండుగడ్డి పడేస్తే ఎలాగండీ? తిండి చాలని ఒళ్ళు ముందు తన ప్రాణం చూసుకుంటుంది, ఆ తర్వాతే దూడ సంగతి. ఇది గొడ్డుబోలేదు, ఆకలితో ఉంది. పచ్చిగడ్డి వెయ్యండి, దాణా పెట్టండి, అందులో లవణాల పొడి కలపండి. ఒళ్ళు చేశాక కూడా ఎదకు రాకపోతే అప్పుడు పరీక్ష చేద్దాం."

ఎన్ని ఆస్పత్రుల మెట్లెక్కించినా ఏం తింటున్నావని కోడల్ని అడిగినవాళ్ళు లేరు.

మధ్యాహ్నానికల్లా భర్త దాణా బస్తా భుజాన వేసుకొచ్చాడు. "ఆవును అమ్మడం లేదు," అన్నాడు, ఇంట్లో పండగొచ్చినట్టు. తర్వాత గొంతు తగ్గించి, "నీ బట్టలు సర్దుకున్నావా?" అన్నాడు.

ఆమె వంట దించి, గిన్నె పైనుంచి వేడి అన్నం కంచంలో పెట్టుకుని, వంటింటి మధ్యలో కూర్చుంది.

"ఏమిటే, మగాడు తినకముందే?" అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. కోడలు ముద్ద కలుపుతూనే ఉంది. ఆవిడ ఒకసారి ఆ ముద్దనీ, ఒకసారి మూలనున్న బస్తానీ చూసింది. మొహం మెత్తబడింది. "సరేలే, తిననీ. డాక్టరు మాట దీనికీ పనిచేస్తుందేమో. కడుపు పండుతుందేమో చూద్దాం, పండకపోతే అప్పుడే పంపిద్దాం."

కోడలు ముద్ద మింగి, మంచినీళ్ళు తాగింది.

"కడుపు పండటానికి కాదత్తయ్యా," అంది, మళ్ళీ గిన్నె దగ్గరకి లాక్కుంటూ. "ఇక్కడున్నా, ఎక్కడికెళ్ళినా ఇక ఇలాగే తింటాను. నాకు ఆకలేస్తోంది."