పదకొండు మందికి ఒక ఈల

నేను ఒక ఇత్తడి ఈలని. బొటనవేలంత ఉంటాను. నా కడుపులో ఒక బెండు గోళీ ఉంది. ఊపిరి తగిలితే అది గిరగిరా తిరిగి నాకు గొంతునిస్తుంది. చూడ్డానికి పిల్లలాడుకునే వస్తువులా కనిపిస్తానేమో గానీ, నేను కూస్తే పదకొండు మంది చేతిలో పని ఆపి రైలు పట్టాల మీద నుంచి పక్కకి దిగాలి. దిగకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని కాస్త గర్వంగా మాట్లాడితే ఏమీ అనుకోకండి.

పుట్టింది ఒక చిన్న కార్ఖానాలో. ఇత్తడి రేకుని అచ్చులో పెట్టి గుద్దారు, ముక్కల్ని టంకం పెట్టి అతికారు, ఆకురాయితో అంచులు రుద్దారు. నాతో పుట్టినవాళ్ళలో కొందరు పిల్లల బడులకి పోయారు, కొందరు పోలీసుల జేబుల్లోకి పోయారు. ఒకడు ఫుట్‌బాల్ రెఫరీ మెడలో చేరాడని విన్నాను. వాడిని తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం అసూయే. నేను మాత్రం ఒక గోతాం సంచిలో పడి నల్లమల అంచున ఉన్న చిన్న స్టేషన్‌కి వచ్చాను. అక్కడ పట్టాలు బాగుచేసే ముఠా ఉంది. కంకర సర్దడం, కుంగిన పట్టాని ఎత్తడం, బోల్టులు బిగించడం వాళ్ళ పని. ఆ పదకొండు మందికీ పెద్దని మేస్త్రీ అంటారు. ఈల ఎప్పుడూ మేస్త్రీ మెడలోనే ఉంటుంది.

నన్ను మొదట మెడలో వేసుకున్నది కాశీంపీరా. నిండుకుండ తొణకదంటారే, ఆ బాపతు మనిషి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి పనిముట్ల గది గుమ్మం దగ్గర నిలబడేవాడు. హాజరు పిలుస్తూ ఒక్కొక్కరి మొహం చూసేవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నవాడిని "రాత్రి నిద్ర పోల్యా?" అని అడిగి, ఆ రోజు వాడిని పట్టాల మధ్యకి పంపకుండా గట్టు మీద కంకర ఎత్తే పనిలో పెట్టేవాడు. నీళ్ళ క్యాను వస్తే తను ఆఖర్న తాగేవాడు. ఇదంతా నాకు బాగానే ఉండేది. నచ్చనిదల్లా ఒకటే. బండి వస్తే తప్ప నన్ను ఊదేవాడు కాదు. మిగతా పొద్దంతా ఆయన చొక్కా లోపల చెమటలో నానుతూ, ఇంత గొంతున్న నన్ను మూగదాన్ని చేశాడే ఈ పిసినారి అని తిట్టుకునేదాన్ని.

పదహారేళ్ళు అట్లా గడిచాయి. రిటైరైన రోజు కాశీంపీరా నన్ను మెడలోంచి తీసి కొత్త మేస్త్రీ మద్దిలేటి చేతిలో పెట్టాడు. "బండికి తప్ప ఊదొద్దప్పా" అన్నాడు. మద్దిలేటి తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది!

మద్దిలేటికి అప్పుడు ముప్పై ఏళ్ళు. ముఠాలో అతనంత బలమైనవాడు లేడు. కొడుకు మేస్త్రీ అయ్యాడని వాళ్ళ నాయన వీధంతా బెల్లం పంచిపెట్టాడు. అయితే ముఠాలో సగం మంది అతనికంటే పెద్దవాళ్ళు. ఓబులేసైతే అతను పుట్టకముందే ఈ పనిలో చేరాడు. వీళ్ళు తన మాట వింటారా అని మద్దిలేటికి లోపల భయం. భయపడ్డ మనిషికి మౌనంగా ఉండడం చేతకాదు. చేతికి అందిన చప్పుడల్లా చేస్తాడు. అతని చేతికి అందింది నేను.

ఇక చూడండి నా వైభోగం! పని మొదలుపెట్టడానికి ఒక ఈల, టీకి ఒకటి, టీ అయిపోయిందని ఇంకొకటి. ఓబులేసు బీడీ వెలిగిస్తే ఒకటి. సుంకులమ్మ నడుం పట్టేసి ఒక నిమిషం నిటారుగా నిలబడితే వరసగా రెండు. ఒకరోజు లెక్కపెట్టుకుంటే అరవైమూడు సార్లు మోగాను. నా గొంతుకి ఇన్నాళ్ళకి విలువ తెలిసిన దొర దొరికాడని మురిసిపోయాను. ఈ కథలో తెలివితక్కువదనం ఒక్క మద్దిలేటిదే అనుకోకండి.

మొదటి వారం ముఠా నా కూతకి ఉలిక్కిపడి లేచింది. రెండో వారం తలెత్తి చూసింది. నెల తిరిగేసరికి తలెత్తడం కూడా మానేసింది. "ఊదుకోనీలేప్పా, ఊపిరి ఆయప్పదే గదా" అనేవాడు ఓబులేసు, గడ్డపార ఆపకుండానే.

ఇంతకీ సుంకులమ్మ ఎవరో చెప్పాలి. ఆమె మొగుడు ఇదే ముఠాలో పనిచేస్తూ జబ్బు చేసి పోతే, ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. పద్నాలుగేళ్ళుగా చేస్తోంది. ఇద్దరు ఆడపిల్లలూ, కళ్ళు కనపడని అత్తా ఆ జీతం మీదే బతుకుతున్నారు. పనిలో ఎవరికీ తీసిపోదు.

ఆ రోజు పని కొండమలుపు దగ్గర. అక్కడ కొండని తొలిచి దారి వేశారు. రెండు వైపులా రాతి గోడలు, వంపు తిరిగిన పట్టాలు. బండి బాగా దగ్గరికొస్తే తప్ప చప్పుడు తెలీదు. మద్దిలేటి వంపు చివర, రెండు వైపులా కనిపించే చోట నిలబడ్డాడు. పొద్దున్నుంచి నన్ను ఊదుతూనే ఉన్నాడు. పదిన్నరకి సుంకులమ్మ వేలికి రాయి తగిలి చీరుకుంది. ఆమె పట్టా మీద కూర్చుని గుడ్డపీలిక కట్టుకుంటోంది. అప్పుడే గూడ్సుబండి కనిపించింది. మద్దిలేటి ఊదాడు. గట్టిగా, రొమ్ము పగిలేలా ఊదాడు.

ఒక్కరూ కదల్లేదు. సుంకులమ్మ అటు వీపు తిప్పుకుని కూర్చుంది. కూర్చున్నందుకు తిడుతున్నాడనుకుంది. నేను మోగుతూనే ఉన్నాను. అంత గొంతు పెట్టుకుని ఒక్క మనిషిని కూడా కదిలించలేకపోయాను. నా బతుకులో అంత సిగ్గుపడ్డ క్షణం లేదు. చివరికి మద్దిలేటి నన్ను ఉమ్మేసి, "సుంకులమ్మక్కా! బండి! బండొచ్చాండాది!" అని కేకేస్తూ పరిగెత్తాడు. తన పేరు వినపడగానే ఆమె తిరిగి చూసి గట్టు వైపు దూకింది. మిగతావాళ్ళూ దూకారు. ఆమె పట్టా మీద వదిలేసిన గడ్డపారని ఇంజను ఎగరగొట్టి రాతిగోడకేసి కొట్టింది. ధూళి తగ్గాక మద్దిలేటి తలలు లెక్కపెట్టాడు. పదకొండూ ఉన్నాయి. అప్పుడు కంకర మీద కూలబడ్డాడు.

డ్రైవరు ఫిర్యాదు చేశాడు. మర్నాడు ఇంజనీరు స్టేషన్‌కి వచ్చి మద్దిలేటిని పిలిచాడు. సుంకులమ్మ బయట అరుగు మీద కూర్చుంది.

"ఈల ఊదావా లేదా?" అన్నాడు ఇంజనీరు.

"ఊదినా సార్."

"డ్రైవరు కూడా విన్నానన్నాడు. ఇంకేం, నీ తప్పేమీ లేదు. ఈల ఊదినా ఆమె దిగలేదని రాసి సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

కాగితం ముందుకి జరిగింది. నేను మద్దిలేటి గుండెకి ఆనుకుని ఉన్నాను గనక అది ఎట్లా కొట్టుకుందో నాకు తెలుసు. సంతకం పెడితే మేస్త్రీగిరీ నిలుస్తుంది. సుంకులమ్మ ఉద్యోగం పోతుంది. రాసిన ప్రతి మాటా నిజమే అవుతుంది కూడా. ఏ మాటా అబద్ధం కాకుండా అన్యాయం చేసే వీలు మనుషులకి ఎప్పుడూ ఉంటుంది.

అతను కలం కింద పెట్టాడు. "ఈల ఊదిండేది నిజమే సార్. కానీ టీకి ఊదినా, తిట్టేకీ ఊదినా. ఇది బండి ఈల అని ఆయక్కకి ఎట్ల తెలుస్తాది? నేనే తెలీకుండా చేసినా. తప్పు నాది."

"ఇదే మాట రాసిస్తావా? పోస్టు పోతుంది."

"రాసిస్తా సార్."

రాసిచ్చాడు. అతన్ని ఏడాదిపాటు మేస్త్రీ పని నుంచి తీసేసి మామూలు కూలీగా ముఠాలోనే పెట్టారు. ఓబులేసు తనకి చూపు ఆనదని నన్ను తీసుకోలేదు. అనుభవంలో తర్వాతి వరస సుంకులమ్మది. నిన్నటిదాకా నా కూత పట్టించుకోని మనిషి మెడలోనే నేను పడ్డాను.

మొదటి రోజు మధ్యాహ్నం మద్దిలేటి ఒంటరిగా తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. ఓబులేసు జొన్నరొట్టె సగం తుంచి, "ఇట్ల రాప్పా, అంత దూరమేంది" అని పిలిచాడు. అతను మేస్త్రీగా ఉన్న రోజుల్లో ఎవరూ అట్లా పిలవలేదు. సుంకులమ్మ నీళ్ళ చెంబు అందిస్తూ అడిగింది: "నా మీద కోపముందా తమ్ముడూ?"

"కోపముంది గానీ నీ మీద కాదక్కా" అన్నాడు.

సుంకులమ్మ నన్ను రవికెలో దోపుకుంది. ఎవరైనా కంకర సరిగ్గా కూరకపోతే నలభై అడుగులు నడిచి వెళ్ళి, పక్కన గొంతుకూర్చుని, రెండోవాడికి వినపడకుండా చెప్పేది. బాగా చేస్తే మాత్రం పదకొండు మందికీ వినపడేలా అరిచి చెప్పేది. కనీసం ఆ రెండోదైనా నాకు వదలొచ్చు కదా అనుకున్నాను. వదల్లేదు. తనకి తెలియనిది వస్తే, "ఓబులేసన్నా, ఇది నాకు తెల్దు, నువ్వు చెప్పు" అని అందరి ముందే అడిగేది. గడ్డపార వేస్తూ మద్దిలేటి ఇవన్నీ చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం కాశీంపీరా దగ్గరే నేర్చుకోవాల్సింది, ఆలస్యంగా నేర్చుకున్నాం.

ఏడాది తిరిగింది. పైనుంచి కాగితం వచ్చింది. సుంకులమ్మ నన్ను నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి మద్దిలేటి చేతిలో పెట్టింది. అతను వెంటనే మెడలో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పోస్టు తిరిగొచ్చింది సరే, తన ఊపిరికి వీళ్ళు మళ్ళీ దిగుతారా? అతని భయం అదే. నా భయమూ అదే.

ఆ వారమే కొండమలుపు దగ్గర పని పడింది. పొద్దున్నుంచి మద్దిలేటి నన్ను పెదవులకి తాకించలేదు. చెప్పాల్సిందేదో నడిచి వెళ్ళి చెప్పాడు. టీ వచ్చిందని పేరుపేరునా పిలిచాడు. పదకొండు దాటాక వంపు అవతల గూడ్సుబండి కనిపించింది. అతను ఒక్కసారి ఊదాడు. పొడుగ్గా, తొణకకుండా ఊదాడు.

ఆ ఊపిరి ఇంకా నా కడుపులో ఉండగానే పట్టాల మీద ఎవరూ లేరు. అందరికంటే ముందు దిగింది సుంకులమ్మ. గడ్డపార భుజాన వేసుకుని గట్టు మీద నిలబడింది. ఒక్క కూతకి అంత విలువ ఉంటుందని అరవైమూడు సార్లు మోగిన రోజున నాకు తెలీదు. బండి మా పక్కనుంచి పెట్టె తర్వాత పెట్టెగా దాటిపోయింది. మద్దిలేటి తలలు లెక్కపెట్టి, కళ్ళు తుడుచుకుని, ధూళి పడిందన్నాడు.

సుంకులమ్మ పట్టాల మీదికి మళ్ళీ అడుగుపెడుతూ అతని వైపు చూసింది.

"ఈతూరి ఇనపడింది తమ్ముడూ" అంది.